మైలవరం అనలేనివాడి ప్రయాణం

నాకు నత్తి. ఈ ప్రయాణం సంగతి చెప్పాలంటే ముందు ఆ మాట చెప్పి తీరాలి. అన్ని అక్షరాలూ నన్ను ఏడిపించవు. అచ్చులతో మొదలయ్యే మాటలు కాస్త తడబడినా బయటికి వచ్చేస్తాయి. ప, బ, మ మాత్రం రావు. రెండు పెదవులూ కలిస్తేగాని పలకని అక్షరాలవి. నా పెదవులు ఒకసారి కలిశాయంటే విడిపోవడం వాటి ఇష్టం. అందుకే మాటలతో పనిలేని ఉద్యోగం చూసుకున్నాను. అనంతపురంలో ఇంజనీర్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. చెరువు కట్టలకూ కల్వర్టులకూ నక్షలు గీస్తాను.

ఆ ఆఫీసులో నా పక్క బల్ల ప్రభుదాసుది. కృష్ణా జిల్లా మైలవరం వాడు, క్రైస్తవ కుటుంబం. చాలా ఏళ్ళు మా రెండు కుటుంబాలూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్నాయి. అతని భార్య జబ్బు చేసి పోయేనాటికి కూతురు మెర్సీ మరీ చిన్నపిల్ల. మా ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగింది. నన్ను పెదనాన్నా అని పిలిచేది. తర్వాత ప్రభుదాసు బదిలీ చేయించుకుని సొంత ఊరికి వెళ్ళిపోయాడు.

ఈ మాఘమాసంలో మెర్సీ పెళ్ళి కుదిరింది. ప్రభుదాసు ఆఫీసుకు ట్రంకాల్ చేశాడు.

"పెళ్ళి విందులో ఆడపిల్ల తరఫు పెద్ద ఒకరు నిలబడి నాలుగు మాటలు చెప్పాలి శేషయ్యా. నాకు అన్నదమ్ములు లేరు. ఆ మాటలు నువ్వే చెప్పాలి."

"నే... నేనా?"

"అడిగేది నేను కాదు. మెర్సీ."

మరొకరిని చూసుకోమని చెబుదామనుకున్నాను. మరొకరు అన్న మాటలో మొదటి అక్షరం దగ్గరే ఉండగా ఫోను టైమైపోయి లైను తెగింది. వాళ్ళు ఒప్పుకున్నాననుకున్నారు.

మా అత్తగారు మంచాన ఉండడంతో మా ఆవిడ రాలేకపోయింది. నేనొక్కణ్ణే బయల్దేరాను. రైల్లో దారి పొడవునా ఉపన్యాసం కట్టుకున్నాను. అందులో ప, బ, మ లతో మొదలయ్యే మాట ఒక్కటి లేదు. పెళ్ళి అన్న చోటల్లా వివాహం, మెర్సీ అన్న చోటల్లా అమ్మాయి. విజయవాడ చేరేసరికి మొత్తం కంఠతా వచ్చింది.

విజయవాడ స్టేషన్

స్టేషను బయట హోటల్లోకి అడుగు పెడితే పెసరట్ల వాసన ఎదురొచ్చి నోరూరించింది. ఎదుటి బల్ల దగ్గర ఒకాయన పెసరట్టు మడతలో ఉప్మా పెట్టించుకుని, అల్లప్పచ్చడి అద్దుకుంటూ కళ్ళు సగం మూసి తింటున్నాడు. సర్వరు వచ్చి "ఏం కావాలండీ?" అన్నాడు.

"ఇ... ఇడ్లీ" అన్నాను.

ఏ ఊరి హోటల్లోనైనా నేను తినేది ఇడ్లీయే. నాకు ఇడ్లీ అంటే ప్రాణమని మా ఆవిడ కూడా నమ్ముతుంది. పూరీ, పెసరట్టు, మసాలా దోసె, ఇవన్నీ నేను పక్కవాళ్ళ ఆకుల్లో చూసినవి.

ఇబ్రహీంపట్నం

మైలవరం బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు వరసగా టిక్కెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. నేను పెదవులు కలిపి సిద్ధంగా కూర్చున్నాను. "ఎక్కడికండీ?" అన్నాడు. పెదవులు విడివడలేదు. వెనకనుంచి ఎవరో చిల్లర కోసం అరుస్తున్నారు. "త్వరగా చెప్పండి సార్" అన్నాడు. అంతలో ముందు సీటావిడ "ఇబ్రహీంపట్నం ఒకటివ్వు" అంది. నా నోటి వెంటా అదే వచ్చేసింది.

"ఇ... ఇబ్రహీంపట్నం."

అచ్చుతో మొదలయ్యే ఊరు దొరికిందన్న సంతోషం ఆ ఊరు వచ్చేదాకానే. కండక్టరు గుర్తుపెట్టుకుని మరీ దింపాడు. నన్ను రోడ్డు పక్కన వదిలేసి బస్సు మైలవరం వైపే పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఊళ్ళో పెద్ద కరెంటు స్టేషను కడుతున్నారు. ఇనప కమ్మీల లారీలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. పని కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు టీకొట్టు ముందు నాలుగు భాషల్లో మాట్లాడుకుంటున్నారు. ఇన్ని భాషల మధ్య నా ఒక్క మాటకు చోటుండదా అని ధైర్యం చేసి కొట్టాయన దగ్గరికి వెళ్ళాను.

"మ... మ..."

"మంగళగిరాండీ? ఇటు కాదు. వెనక్కి పోవాల" అన్నాడాయన.

తల అడ్డంగా ఊపాను.

"మచిలీపట్నం అయ్యుంటది" అన్నాడు బెంచీ మీద పెద్దాయన.

"మధిరేమో, ఖమ్మం బస్సు ఎక్కించండి" అన్నాడు ఒక లారీ క్లీనరు.

నేను కాదు కాదని తల ఊపుతూనే ఉన్నాను. కూరగాయల గంపతో నిలబడ్డ ఆవిడ "మైలవరం కాదూ?" అంది. అవునన్నాను. పొడుపుకథ విప్పినట్టు అందరూ సంతోషించారు. కొట్టాయన టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. తర్వాతి బస్సు ఆపి, నన్ను ఎక్కించి, కండక్టరుతో "మైలవరంలో దింపు బాబూ, ఈయనకి మాట రాదు" అని అప్పజెప్పాడు.

ఒక్కరిలోనూ చులకన లేదు. ఎండలో నిలబడి సాయం చేశారు. కాని నేను వెళ్ళాల్సిన ఊరి పేరు నా నోటినుంచి వచ్చేదాకా ఆగిన మనిషి లేడు. నేనే ఆగలేకపోయాను, వాళ్ళెందుకు ఆగుతారు? ఆ దారంతా "మాట రాదు" అన్న ముక్కే చెవుల్లో తిరిగింది. పెళ్ళిలో ఏం జరగబోతోందో నా కళ్ళకు కట్టింది.

మైలవరం

మైలవరం తోటల్లో మామిడి పూత విరగబూసి ఉంది. మెర్సీ ఎదురొచ్చి సంచీ అందుకుంది. నాకంటే పొడుగైంది. లోపల్నుంచి ప్రభుదాసు తల్లి దీనమ్మగారు వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో అందరూ ఇప్పటికీ ఆవిడకు రోగుల కిందే లెక్క.

"సన్నబడ్డావే. మీ సీమలో సంగటి మానేశారా?" అంది.

మానలేదు గాని, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సంగటి ఊసే లేదు. మూడు పూటలా తెల్లని వరన్నం. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. మా ఇళ్ళల్లో అతిథి చాలు అంటే ఆగుతారు. ఇక్కడ చాలు అన్నాకే అసలు వడ్డన మొదలవుతుంది. దీనమ్మగారు కూరలో ఉప్పు తక్కువని కొడుకునూ, దీపం గాజు మసిబారిందని మనవరాలినీ కసురుతూనే ఉంది.

సాయంత్రం దీపం పెట్టాక కుటుంబ ప్రార్థన. చాప పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఒక కీర్తన చదివాక, ఒక్కొక్కరూ ఆ రోజుకు కృతజ్ఞతగా ఒక్క మాట చెప్పడం వాళ్ళ ఇంటి అలవాటు. మా ఇంట్లో పూజంటే గంట, కర్పూరం, మంత్రాలు. ఆ సందడిలో నా గొంతు ఎవరికీ వినిపించదు. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. ప్రభుదాసు చెప్పాడు, మెర్సీ చెప్పింది. నా వంతు వచ్చింది.

పెదవులు బిగుసుకున్నాయి. చెమటలు పట్టాయి. ఎవరో ఒకరు అందుకుని నా మాట పూర్తి చేస్తారని చూశాను. ఎవరూ అందుకోలేదు. అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పగలంతా ఎవరినీ ఒక్క క్షణం నిలవనివ్వని దీనమ్మగారు కూడా కదలకుండా ఉంది. నా భయం దానిష్టం వచ్చినంతసేపు ఎగిరింది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అలిసిపోయింది. అప్పుడు దాని అడుగున ఇంకేదో ఉన్నట్టు తెలిసింది. అది సంతోషం. ఈ ఇంటికి వచ్చి, ఈ పిల్లను ఇంత ఎత్తున చూసినందుకు నాకు సంతోషంగా ఉంది. పొద్దుట్నుంచీ ఉన్నదే. నేను వినలేదు.

"బా... బాగుంది" అన్నాను. "మి... మిమ్మల్నందర్నీ చూడ్డం బాగుంది."

"ఆమెన్" అంది దీనమ్మగారు, విశేషమేమీ జరగనట్టు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పెరటి మెట్ల మీద చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. నన్ను పిలిచి సగం నా ముందుకు నెట్టింది. చాలాసేపు ఇద్దరం ఈనెలు తీస్తూ కూర్చున్నాం.

"నిన్న అంత చెమట పట్టిందేం నీకు?" అంది.

"మా... మాట రాక."

"తర్వాత వచ్చిందిగా. ఎట్లా వచ్చింది?"

ఆలోచించి చెప్పాను. నేను మాటను వెతకలేదనీ, లోపల ఏమనిపిస్తోందో తెలిశాక అదే వచ్చిందనీ.

"అదీ. ఎంతసేపూ గొంతు వంకే చూస్తా కూర్చుంటావు, వస్తదా రాదా అని. లోపల ఏముందో వినవు. ముందు అది విను నాయనా. దేవుడు మనతో ఏదన్నా చెప్పదలిస్తే అక్కడే చెప్తాడు. మనం ఇంకోళ్ళకి చెప్పాల్సిందీ అక్కడే ఉంటది."

"అ... అట్లా వింటే నత్తి పోతుందామ్మా?"

"పోదు. నర్సుగా చెప్తన్నా, అది పోదు. భయం పోద్ది."

"దానికి ఎక్కడ కూర్చోవాల?"

"ఎక్కడేంటి? చిక్కుడుకాయలు ఒలిచేప్పుడు చెవులు ఖాళీయేగా. బస్సులో ఖాళీయే. స్నానం చేసేప్పుడు ఖాళీయే." నా చేతిలో కాయ లాక్కుని చూసింది. "ఈనె సరిగా తియ్యి. పీచు పంటికి తగులుద్ది."

ఆ మధ్యాహ్నం మెర్సీకి నా ఉపన్యాసం అప్పజెప్పాను. తల వంచుకుని మొత్తం విన్నది. బాగుందంది. కాని ముఖంలో వెలుగు లేదు.

"ఏ... ఏమైంది తల్లీ?"

"నా పేరు ఎక్కడా రాలేదు పెదనాన్నా. అమ్మాయి అంటే ఏ అమ్మాయైనా కావచ్చుగా."

నిజమేనని తల ఊపాను.

"వాళ్ళ వైపు బాగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు" అంది మెర్సీ. "నాకు బాగా మాట్లాడేవాళ్ళు అక్కర్లేదు. నువ్వు కావాలి. నీకు కష్టమైతే చెప్పు, ఆ చోటు ఖాళీగా వదిలేద్దాం. ఇంకెవర్నీ నిలబెట్టను."

వన్ టౌన్

పెళ్ళి సామాన్లకు ప్రభుదాసూ నేనూ విజయవాడ వచ్చాం. వన్ టౌన్ సందుల్లో తోపుడు బళ్ళకూ మనుషులకూ మధ్య జానెడు జాగా ఉండదు. గుడి గంట, మిరపకాయల ఘాటు, బస్తాలు దించేవాళ్ళ కేకలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మా అనంతపురం బజారు దీని ముందు ఆదివారం నాటి ఆఫీసులా ఉంటుంది. ప్రభుదాసు మిఠాయిల బేరానికి పోతూ, పెళ్ళికూతురి ముసుక్కు లేసు గుడ్డ తెమ్మని నన్నొక దుకాణానికి పంపాడు.

దుకాణం నిండా జనం. "ము... ము..." అంటుంటే గుమాస్తా "తెల్లదాండీ? వలలాగా ఉండేదా?" అన్నాడు. తల ఊపాను. కొలిచి, చించి, పొట్లం కట్టాడు. అది విప్పి చూసి ప్రభుదాసు రోడ్డు మీదే నవ్వాడు.

"ఇది దోమతెర గుడ్డ శేషయ్యా. పద, నేను మార్పిస్తాను."

"వద్దు. నే... నేనే వెళతా."

దుకాణం పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాను. చెవులు ఖాళీగా లేవు, ఊరంతా వాటిలోనే ఉంది. అయినా ముందు గొంతు సంగతి వదిలేశాను. ఏమనిపిస్తోందో చూశాను. మొదట సిగ్గు. అది చాలాసేపు ఉంది. తోపుడు బండివాడు తప్పుకోమంటే తప్పుకుని మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాను. సిగ్గు కింద ఆశ కనిపించింది. మా పిల్ల ఆ ముసుగులో ముచ్చటగా ఉండాలి. అంతే.

లోపలికి వెళ్ళాను. "అప్పా, ఇది కాదు" అన్నాను. గుమాస్తా ఏదో అందించబోతే చెయ్యెత్తి ఆపాను. "ము... ము... ముసుక్కు లేసు కావాల. మా... మా అమ్మాయి పెళ్ళి."

ఎంతసేపు పట్టిందో తెలియదు. గుమాస్తా మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెళ్ళికాండీ? ముందే చెప్పకపోయారా" అని పైఅరలోనుంచి మంచి రకాలు దించి బల్లనిండా పరిచాడు. "మీది సీమాండీ? అప్పా అంటన్నారు" అని అడిగాడు. అవునన్నాను. అక్కడి ఎండల గురించి కూడా ఒకటి రెండు మాటలు చెప్పాను. ఎవరూ అడగకుండా కొత్తమనిషితో నేను మాట్లాడింది నాకు తెలిసి అదే మొదలు.

బయటికొచ్చి ప్రభుదాసును పక్క హోటల్లోకి లాక్కెళ్ళాను. సర్వరు వచ్చాడు. వాడికి తొందరుంది. నాకు లేదు.

"పె... పె... పె..."

ప్రభుదాసు నోరు తెరవబోయి ఆగాడు.

"పెసరట్టు."

లోపల వేడి వేడి ఉప్మా, పక్కన అల్లప్పచ్చడి. ఆ మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లం ఘాటని ప్రభుదాసుతో చెప్పాను. అట్టు అరవై పైసలు. ఇంకోటి కూడా నేనే, నా నోటితోనే అడిగాను.

అవనిగడ్డ దాటాక

పెళ్ళికొడుకు ఊరు అవనిగడ్డ దాటాక కాలవ పక్కన. అద్దె బస్సులో పెళ్ళివారమంతా బయల్దేరాం. వరి కోసిన మళ్ళలోనే మినుము మొలిచి పచ్చగా అల్లుకుంది. ఒక పంట చేను విడవకముందే ఇంకో పంట. మావైపు వానకోసం కళ్ళు కాయలు కాచాక ఒక్క వేరుశనగ. ఆడవాళ్ళు దారంతా పాటలు పాడారు. దీనమ్మగారు శ్రుతి తప్పినవాళ్ళను పేరు పెట్టి పిలిచి మందలించింది.

నేను కిటికీ పక్కన కూర్చుని నా ఉపన్యాసం ఒకసారి వల్లె వేసుకున్నాను. ఎక్కడా తగులుకోకుండా సాగిపోయింది. విన్నాను. అందులో మెర్సీ లేదు, నేను లేను. దాన్ని అక్కడే వదిలేశాను. బదులుగా ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

గుడి చిన్నది, కొత్తగా సున్నం వేశారు. మాకులాగా ముహూర్తం పట్టింపు లేదు. పాస్టరుగారి బస్సు ఆలస్యమైతే పెళ్ళీ ఆలస్యమైంది. ఉంగరాలు మార్చుకున్నాక తాళి కూడా కట్టించారు. బిళ్ళ మీద సిలువ ఉంది. తెల్లచీరలో, ఆ లేసు ముసుగులో మెర్సీ తల ఎత్తి నావైపు చూసి నవ్వింది.

మధ్యాహ్నం షామియానా కింద విందు. పెళ్ళికొడుకు మేనమామ హెడ్మాస్టరు. మైకు ముందు గంభీరంగా మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. తర్వాత నన్ను పిలిచారు.

నిలబడ్డాను. ఎదురుగా ఊరు ఊరంతా ఉంది.

"మె..."

అక్కడే ఆగింది. మైకు ఆ ఒక్క అక్షరాన్నీ పట్టుకుని పందిరంతా తిప్పింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో వాళ్ళను ఊరుకోబెట్టారు. హెడ్మాస్టరుగారు జాలితో ముందుకు వంగి "మెర్సీ అంటున్నారండీ" అని అందరికీ చెప్పారు.

నేను ఆయన వైపు తిరిగాను. "ఆ... ఆగండి సార్. నేనే చెబుతాను."

కళ్ళు మూసుకున్నాను. గొంతు వైపు చూడలేదు. లోపల విన్నాను. మొదట భయం, అది నాకు పాత చుట్టం, దాని పక్కనుంచి పోయాను. అప్పుడు మా ఇంట్లో నా డ్రాయింగు బల్ల కింద ముడుచుకుని కూర్చున్న ఒక చిన్నపిల్ల కనిపించింది. ఏం చెప్పాలో తెలిసింది.

"మె... మె... మెర్సీ" అన్నాను. "మా మెర్సీ. వాళ్ళమ్మ పోయాక ఈ పిల్ల చాలా కాలం ఎవరితోనూ మా... మాట్లాడలేదు. అందరూ మాట్లాడించాలని చూశారు. నాకు మాట రాదు కదా, నేను మాట్లాడించలేదు. నే... నేను బొమ్మలు గీసేవాణ్ణి, తను బల్ల కింద కూర్చునేది. ఇద్దరం ఊరికే ఉండేవాళ్ళం. ఒకనాడు తనే పె... పెదనాన్నా అంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా మాట ఆగిపోయినప్పుడు ఈ పిల్ల ఒక్కసారి కూడా నా మాటను తను పూర్తి చెయ్యలేదు. వ... వచ్చేదాకా కూర్చునేది."

పెళ్ళికొడుకు వైపు తిరిగాను.

"బా... బాబూ, ఎప్పుడన్నా తన మాట ఆగిపోతే నువ్వూ తొందరపడొద్దు. ఎదురుచూడు. త... తను చెప్పేది ఎదురుచూడతగ్గ మాట."

ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు. ఆగిన ప్రతిసారీ వాళ్ళూ ఆగారు. కూర్చోబోతుండగా పెళ్ళికొడుకు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అట్లాగేనండీ" అన్నాడు. అప్పుడు మోగిన చప్పట్లకు కాలవ మీది కొంగలు లేచాయి. మెర్సీ ఏడుస్తూ నవ్వుతోంది. హెడ్మాస్టరుగారు తన గ్లాసు మంచినీళ్ళు నాకందించి "నేను మధ్యలో రాకుండా ఉండాల్సిందండీ" అన్నారు. ప్రభుదాసు తుండుగుడ్డలో ముఖం దాచుకున్నాడు. దీనమ్మగారు మాత్రం వడ్డించేవాళ్ళతో, "నిలబడి చూస్తన్నారేంటి, ఆయనకి కోడికూర వెయ్యండి" అంది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

కాలవ గట్టు

మర్నాడు పొద్దున గట్టు మీద వేపపుల్లలతో మొహాలు కడుక్కుంటున్నాం. పెళ్ళికొడుకు తాతగారు, మేనమామ, ఊరివాళ్ళు మరికొందరు చేరారు. తాతగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ ఊరి పక్కన ఏరు లేదంటగదండీ?"

"ఉం... ఉందండీ. నీళ్ళే ఉండవు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

"మరి తాగేదానికి?"

"ఎం... ఎండాకాలం ఏట్లో ఇసక తోడతాం. చెలమ అంటాం. గు... గుంటలో ఊట ఊరుతుంది. మొదట బురద. తొందరపడి ముంచితే మ... మళ్ళీ బురదే. ఆగితే తేట నీళ్ళు."

"ఎంతసేపు ఆగాలండీ?" అన్నారు తాతగారు.

"అ... అది ఊరినంతసేపు."

ఆయన తల పంకించారు. ఇంకొకాయన ఎద్దుల సంగతి అడిగాడు, మరొకాయన సంగటి ఎలా కెలుకుతారని అడిగాడు. నేను చెబుతున్నాను. మధ్యమధ్య ఆగుతున్నాను, మళ్ళీ చెబుతున్నాను. రోడ్డు మీద మా బస్సు హారన్ కొట్టింది. కాసేపటికి మళ్ళీ కొట్టింది. గట్టు మీంచి ఎవరూ లేవలేదు. నేనింకా ముగించలేదు.